రెండు నెలలు ఒక్క పేషెంటూ రాలేదు... ఆ డాక్టరే బిల్‌రోత్!

పట్టా చేతికొచ్చింది. మహానగరంలో గది తీసుకుని ప్రాక్టీసు పెట్టారు. రోజూ పొద్దున్నే తయారై కూర్చుంటున్నారు. వారం గడిచింది, నెల గడిచింది, రెండో నెలా అయిపోయింది. తలుపు తట్టిన రోగి ఒక్కరూ లేరు. ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు? ఊరికి తిరిగి వెళ్లిపోతారా? ఇంకో కోర్సులో చేరతారా?

1853లో బెర్లిన్‌లో 24 ఏళ్ల థియోడర్ బిల్‌రోత్ పరిస్థితి సరిగ్గా ఇదే. సర్జరీ పుస్తకం తెరిస్తే ఇప్పటికీ ఆయన పేరుతో రెండు ఆపరేషన్లు కనిపిస్తాయి. మెడిసిన్ చదివే మీ స్నేహితుల్ని అడగండి, బిల్‌రోత్-1, బిల్‌రోత్-2 అని టక్కున చెప్పేస్తారు. కానీ ఆయన జీవితంలో చాలామందికి తెలియని ముక్క ఇంకోటి ఉంది. ఉమ్మిని తయారుచేసే గ్రంథుల్లో వచ్చే ఓ అరుదైన క్యాన్సర్‌కి వైద్య ప్రపంచం దశాబ్దాల పాటు వాడిన పేరు ఆయన పెట్టిందే. ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పియానో పిచ్చి కుర్రాడు

బిల్‌రోత్ 1829 ఏప్రిల్ 26న బాల్టిక్ సముద్రంలోని రూగెన్ దీవిలో, బెర్గెన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి చర్చి పాస్టర్. బిల్‌రోత్‌కి అయిదేళ్లప్పుడే ఆయన క్షయతో పోయారు. అయిదుగురు మగపిల్లల్లో ఈయనే పెద్ద. తల్లి పిల్లల్ని తీసుకుని గ్రైఫ్స్‌వాల్డ్ చేరింది. అక్కడి బడిలో మన హీరో మార్కులు చూస్తే ఎవరూ మెచ్చుకోరు. లెక్కలు రావు, భాషలు రావు. ఉన్న టైమంతా పియానో ముందే. సంగీతమే జీవితం అనుకున్నాడు.

ఇంట్లో మాత్రం తిండి పెట్టే చదువు కావాలి. కుటుంబానికి ఆత్మీయుడైన సర్జరీ ప్రొఫెసర్ విల్‌హెల్మ్ బామ్ కూడా వైద్యమే చదవమన్నారు. 1848లో బిల్‌రోత్ మెడిసిన్‌లో చేరాడు. చేరాడన్న మాటే గానీ మొదటి టర్మంతా మళ్లీ సంగీతంతోనే సరి. ఇలా అయితే కుర్రాడు పాడైపోతాడని బామ్ కనిపెట్టినట్టున్నారు. 1849లో తాను గొట్టింగెన్‌కి మారుతూ అతణ్నీ వెంట తీసుకెళ్లారు. అక్కడ మైక్రోస్కోప్ కింద శరీర భాగాల్ని చూడటం అలవాటైంది. ఈసారి పియానోకి పోటీ వచ్చింది. అలాగని పియానోని వదిలేశాడా? లేదు, చచ్చేదాకా వదల్లేదు.

1851లో తల్లి కూడా క్షయతోనే చనిపోయింది. చదువు పూర్తి చేసుకుని 1852లో బెర్లిన్‌లో డాక్టర్ పట్టా అందుకున్నాడు. మరుసటి ఏడాదే పైన చెప్పిన ఖాళీ క్లినిక్ కథ. రెండు నెలల ఎదురుచూపు తర్వాత ఓ పాత మిత్రుడు కలిశాడు. బెర్న్‌హార్డ్ లాంగెన్‌బెక్ అనే పెద్ద సర్జన్ దగ్గర అసిస్టెంట్ పోస్టు ఉందని ఆ పరిచయంతోనే తెలిసింది. అప్లై చేశాడు, వచ్చింది. సొంత బోర్డు దించేసి మరొకరి కింద చేరడం చిన్నతనం అనుకోలేదు. ఒకవేళ అనుకుని ఉంటే ఈ వ్యాసమే లేదు.

దక్కని కుర్చీ, దొరికిన గడ్డ

లాంగెన్‌బెక్ క్లినిక్‌లో రోజూ గడ్డలు కోసి తీస్తారు. తీశాక పని అయిపోయినట్టే చాలామందికి. బిల్‌రోత్ మాత్రం ఆ ముక్కల్ని తీసుకెళ్లి మైక్రోస్కోప్ కింద పెట్టేవాడు. పైకి ఒకేలా కనిపించే గడ్డలు లోపల వేరువేరుగా ఎందుకున్నాయి? ఇదీ అతని ప్రశ్న. ఇవాళ పాథాలజీ ల్యాబుల్లో హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేసి గులాబీ, ఊదా రంగుల్లో కణాల్ని చూస్తారు కదా, ఆ పద్ధతి అప్పటికింకా రాలేదు. ఉన్న కంటితో, ఉన్న అద్దంతో చూడాల్సిందే.

పాథాలజీలోనే స్థిరపడాలన్నది కోరిక. 1856లో బెర్లిన్‌లో ఆ ప్రొఫెసర్ పదవి వచ్చింది. దక్కింది మాత్రం రుడాల్ఫ్ విర్షోకి. వ్యాధులన్నీ కణాల్లోనే మొదలవుతాయని ప్రపంచానికి నేర్పిన విర్షో! ఎదుట ఉన్నది అలాంటి మనిషైతే ఓడిపోవడంలో వింతేముంది అనిపిస్తుంది మనకి. 27 ఏళ్ల వాడికి అలా అనిపించి ఉంటుందా అన్నది వేరే విషయం. తర్వాత గ్రైఫ్స్‌వాల్డ్ నుంచి పాథాలజీ ప్రొఫెసర్‌గా రమ్మని పిలుపు వచ్చింది. ఈసారి బిల్‌రోతే వద్దన్నాడు. కత్తి పట్టడం వదులుకోవడం ఇష్టం లేకపోయింది.

1859లో లాలాజల గ్రంథుల గడ్డల మీద ఆయన రాసిన పరిశీలన అచ్చయింది. ఏ పత్రికలో అనుకున్నారు? విర్షో నడిపే పత్రికలోనే. తనకి రాని పదవిలో కూర్చున్న మనిషికే తన పని పంపాడు. ఆ మనిషి దాన్ని వేశాడు. అప్పటి జర్మన్ వైద్యంలో నాకు బాగా నచ్చే దృశ్యం ఇది.

ఆ గడ్డల్లో ఒక రకంలో కణాల గుంపుల మధ్య గాజులా మెరిసే గుండ్రటి స్తంభాలు కనిపించాయి. సిలిండర్ల మాదిరి ఉన్నాయి కాబట్టి దానికి సిలిండ్రోమా అని పేరు పెట్టాడు. ఇలాంటి గడ్డల్ని అంతకు కొన్నేళ్ల ముందే ఫ్రెంచి డాక్టర్లూ గుర్తించారు. కానీ నిలిచింది బిల్‌రోత్ పెట్టిన పేరే. ఇప్పుడు దాన్ని అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అంటున్నారు. సిలిండ్రోమా అనే మాట ఈ రోజుల్లో చర్మం మీద వచ్చే మరో గడ్డకి వాడతారు. పాత పుస్తకాలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇంతకీ ఏంటా జబ్బు?

గవదబిళ్లలు వచ్చినప్పుడు చెవి కింద, దవడ దగ్గర ఎక్కడ ఉబ్బుతుందో మీకు తెలుసు. అక్కడే పెరోటిడ్ గ్రంథి ఉంటుంది. ఇది కాక దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత. ఇవి పెద్దవి. నోటి పైకప్పు, పెదవులు, బుగ్గలు, గొంతు లోపల కంటికి కనిపించనంత చిన్న గ్రంథులు వందల్లో ఉంటాయి. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా వీటిలో ఎక్కడైనా రావచ్చు. నోటి పైకప్పు మీద తరచుగా వస్తుంది.

దీనితో చిక్కేంటంటే, ఇది తొందరపడదు. ఏళ్ల తరబడి చిన్న గడ్డగా, నొప్పి లేకుండా ఉండిపోగలదు. బఠాణీ గింజంత ఉంది, నొప్పి లేదు, తర్వాత చూద్దాం అనుకుంటాం. బిల్‌రోత్ తర్వాత కూడా చాలాకాలం డాక్టర్లు దీన్ని మరీ ప్రమాదకరమైనదిగా తలచలేదు. అసలు స్వభావం మెల్లగా బయటపడింది. ఇది నరాల్ని పట్టుకుని పాకుతుంది. కరెంటు తీగ వెంట ఎగబాకే తీగలా నరం తొడుగు వెంబడి గడ్డ అంచు దాటి దూరం వెళ్లిపోతుంది. అందుకే ముఖంలో ఓ పక్క మొద్దుబారడం, నాలుక తిమ్మిరి, పెదవి వంకరపోవడం, కన్ను సరిగా మూతపడకపోవడం లాంటివి గడ్డతో పాటు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. గుట్కా, సిగరెట్ అలవాటు లేదుగా అని ధైర్యంగా ఉండటానికీ లేదు. మన దగ్గర ఎక్కువగా చూసే నోటి క్యాన్సర్లకి పొగాకు పెద్ద కారణం. ఈ జబ్బుకి మాత్రం పొగాకుతో అలాంటి గట్టి సంబంధం తేలలేదు.

అలాగని చెవి కింద గడ్డ కనిపించగానే భయపడిపోకండి. పెరోటిడ్‌లో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. గ్రంథి చిన్నదయ్యే కొద్దీ క్యాన్సర్ అయ్యే అవకాశం పెరుగుతుంది. కాబట్టి నోటి పైకప్పు మీద మానకుండా ఉన్న చిన్న బొడిపెని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు నిర్ధారణ ఎలా చేస్తారంటే, ముందు స్కానింగ్. సన్నటి సూదితో గడ్డలోంచి కణాల్ని లాగి స్లైడు మీద చూస్తారు. అదే ఎఫ్‌ఎన్‌ఏసీ. అది తేల్చకపోతే చిన్న ముక్క తీసి బయాప్సీ. నరాల వెంట ఎంత దూరం పోయిందో చెప్పేది ఎంఆర్ఐ. ఊపిరితిత్తులకి చేరిందేమో చూడటానికి ఛాతీ సీటీ. మైక్రోస్కోప్ కింద కణాలు జల్లెడ కన్నాల్లా కనిపించడం దీని గుర్తు. కొన్నిచోట్ల గొట్టాల్లా, మరికొన్నిచోట్ల ఖాళీ లేకుండా గట్టి ముద్దలా ఉంటాయి. ముద్దలా ఉన్న భాగం ఎక్కువైతే జబ్బు మొండిదని అర్థం. 2009లో స్వీడన్ పరిశోధకులు ఈ క్యాన్సర్‌లో ఎంవైబీ, ఎన్ఎఫ్ఐబీ అనే రెండు జన్యువులు అతుక్కుపోతున్నాయని చూపించారు. అనుమానం ఉన్నప్పుడు ఇప్పుడు ఆ పరీక్ష కూడా సాయపడుతోంది.

వైద్యంలో మొదటి అడుగు ఆపరేషన్. చుట్టూ మంచి కండ కొంత కలుపుకుని గడ్డని పూర్తిగా తీసేయాలి. పెరోటిడ్ మధ్యలోంచే ముఖ నరం పోతుంది. నవ్వడం, కన్ను మూయడం అన్నీ దాని పనే. దాన్ని కాపాడాలా, జబ్బు పట్టిందని వదులుకోవాలా అన్నది సర్జన్‌కి కత్తి మీద సామే. తర్వాత చాలామందికి రేడియేషన్ ఇస్తారు. నరం వెంట మిగిలిపోయిన కణాల కోసం అది. కీమోథెరపీ దీని మీద పెద్దగా పనిచేయదు. అయిదేళ్లు దాటినవాళ్లు చాలామందే ఉంటారు. కానీ పదేళ్లకి, పదిహేనేళ్లకి కూడా అది ఊపిరితిత్తుల్లో తేలవచ్చు. అంటే ఇక్కడ డాక్టరుకీ రోగికీ బంధం దశాబ్దాల లెక్క. అయిదేళ్లయింది కదా, ఇక రావక్కర్లేదు అనుకునే జబ్బు కాదిది.

తప్పులు అచ్చు వేసిన ప్రొఫెసర్

మళ్లీ బిల్‌రోత్ దగ్గరికి వద్దాం. 1860లో జ్యూరిచ్‌లో సర్జరీ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. వయసు 31. అక్కడ ఇచ్చిన పాఠాలే 1863లో యాభై ఉపన్యాసాల పుస్తకంగా వచ్చాయి. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 1867లో వియన్నా పిలిచింది. మిగతా జీవితమంతా అక్కడే.

నన్ను అడిగితే ఆయన చేసిన గొప్ప పని ఆపరేషన్ బల్ల మీద కాదు, కాగితం మీద. 1869లో జ్యూరిచ్ క్లినిక్ ఏడేళ్ల లెక్కల్ని పుస్తకంగా వేశారు. ఎన్ని ఆపరేషన్లు చేశాం, ఎంతమంది బతికారు, ఎంతమంది పోయారు, ఏ తప్పు జరిగింది అన్నీ అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో సర్జన్లు సక్సెస్ అయిన కేసులే రాసుకునేవారు. చచ్చిపోయినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. బిల్‌రోత్ ఎత్తాడు. ఇంటికి పంపిన క్యాన్సర్ రోగులు తర్వాత ఏమయ్యారో తెలుసుకోకుండా ఆపరేషన్ పనిచేసిందని ఎలా అంటాం అన్నది ఆయన వాదన. వియన్నాలో అసిస్టెంట్ వినివార్టర్ ఈ దారిలోనే 1867 నుంచి 1875 దాకా వచ్చిన క్యాన్సర్ రోగుల వివరాలు పోగుచేసి 1878లో ప్రచురించాడు. పదిహేనేళ్ల తర్వాత తిరగబెట్టే లాలాజల గ్రంథి క్యాన్సర్ స్వభావం ప్రపంచానికి తెలిసింది కూడా ఇలా వెంటపడి లెక్కలు రాసే అలవాటు వల్లే.

రెజ్యూమెలో మీరు ఫెయిలైన ప్రాజెక్టు గురించి రాస్తారా? సరే, ఆ ప్రశ్న అలా ఉంచుదాం.

అలాగని ఆయన అన్నింటిలో ముందున్నారనుకోకండి. లిస్టర్ క్రిమినాశక పద్ధతి 1867లోనే వచ్చినా బిల్‌రోత్ చాలా ఏళ్లు అనుమానంగానే చూశారు. 1874లో గాయాల్లోని సూక్ష్మజీవుల మీద లావుపాటి పుస్తకం రాశారు. అవన్నీ ఒకే జాతి అన్న ఆయన నిర్ధారణ తప్పని తర్వాత తేలింది. అందులోనే గొలుసులా ఉండే క్రిములకి పెట్టిన స్ట్రెప్టోకాకస్ అనే పేరు మాత్రం ఇవాళ్టికీ వాడుతున్నాం. పేర్లు పెట్టడంలో మనిషిది మంచి చెయ్యి!

కుక్కల మీద ఏళ్ల సాధన

1873 డిసెంబర్ 31. క్యాన్సర్ సోకిన 36 ఏళ్ల ఉపాధ్యాయుడి స్వరపేటికని బిల్‌రోత్ పూర్తిగా తొలగించారు. క్యాన్సర్ కోసం అలా చేయడం అదే మొదటిసారి. గొంతు పోయిన టీచరు ఎలా మాట్లాడాలి? అసిస్టెంట్ గుస్సెన్‌బాయర్ కృత్రిమ స్వరపేటిక తయారుచేశాడు. ఆయన మళ్లీ మాట్లాడారు. కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టి చనిపోయారు.

కడుపు కథ దీనికంటే పెద్దది. జీర్ణాశయం చివర క్యాన్సర్ వస్తే తిన్నది కిందికి దిగదు, మనిషి ఆకలితో చచ్చిపోతాడు. ఆ భాగం కోసి, మిగతాది చిన్న పేగుకి కుట్టేస్తే? ఆయన అసిస్టెంట్లు ఏళ్ల తరబడి కుక్కల మీద ప్రయత్నించారు. కుట్టు నిలుస్తుందా, ఆమ్లానికి కరిగిపోతుందా, ఒక్కొక్కటీ చూశారు. 1879లో పారిస్‌లో పేయాన్, 1880లో పోలండ్ సర్జన్ రిడిగియర్ మనుషులకి చేశారు. ఇద్దరి రోగులూ చనిపోయారు. ఈ సంగతి తెలిసే, 1881 జనవరి 29న బిల్‌రోత్ కత్తి పట్టారు. రోగి 43 ఏళ్ల మహిళ, ఎనిమిది మంది పిల్లల తల్లి. వారాల తరబడి తిన్నదల్లా కక్కుతోంది. దాదాపు గంటన్నర ఆపరేషన్, యాభై దాకా పట్టుదారం కుట్లు. ఆమె కోలుకుంది, తింది, ఇంటికెళ్లింది. నాలుగు నెలలకి క్యాన్సర్ వేరేచోట పెరిగి చనిపోయింది. కుట్లు మాత్రం నిలిచాయి. ఆ కడుపు భాగం వియన్నాలోని జోసెఫినమ్ వైద్య మ్యూజియంలో ఉంది.

ఒకసారి ఆగి చూడండి. ఆయనకి పేరు తెచ్చిన ఈ రెండు ఆపరేషన్లలోనూ రోగి ఏడాది కూడా బతకలేదు. అయినా వాటిని విజయాలనే అంటున్నాం. ఆపరేషన్ చేసింది మనిషి బల్ల మీద చావకుండా ఉండటానికా, జబ్బు పోవడానికా? ఆ తేడా బిల్‌రోత్‌కి బాగా తెలుసు. అందుకే ఆ తర్వాతి కేసుల లెక్కలూ దాచకుండా రాశారు.

ఒక మచ్చ, కొన్ని మంచి పనులు

దాచకూడని సంగతి ఇంకోటుంది. 1876లో వైద్య విద్య గురించి ఆయన రాసిన పుస్తకంలో హంగరీ, గలీషియాల నుంచి వచ్చే పేద యూదు విద్యార్థుల్ని కించపరిచే మాటలున్నాయి. వియన్నా యూనివర్సిటీలో గొడవలయ్యాయి. తండ్రి లేక, కష్టపడి చదువుకున్న మనిషే పేద విద్యార్థుల్ని అలా చూడటం ఇప్పటికీ మింగుడుపడదు. చివరి ఏళ్లలో యూదు వ్యతిరేకతకి ఎదురు నిలిచిన సంఘంలో చేరారు. పాత మాటలు దాంతో చెరిగిపోయాయని నేననుకోను. ఆ మార్పు నిజమేనని మాత్రం అనిపిస్తుంది.

1870లో ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధం వచ్చినప్పుడు సైనిక ఆసుపత్రుల్లో స్వచ్ఛందంగా పనిచేశారు. నర్సింగ్ ఎంత లోటుగా ఉందో అక్కడ కళ్లారా చూశారు. సర్జన్ ఎంత బాగా కోసినా, రాత్రంతా పక్కన కూర్చుని చూసే శిక్షణ పొందిన మనిషి లేకపోతే రోగి దక్కడు. 1882లో వియన్నాలో రుడాల్ఫినర్‌హౌస్ అనే ఆసుపత్రి, నర్సింగ్ స్కూలు మొదలయ్యాయి. వెనక ఉన్నది ఆయనే. ఆ ఏడాదే బెర్లిన్‌లో లాంగెన్‌బెక్ ఖాళీ చేసిన కుర్చీ ఇస్తామన్నారు. ఒకప్పుడు అసిస్టెంట్‌గా చేరిన చోటే! వద్దని వియన్నాలోనే ఉండిపోయారు.

ఈ మధ్యలో మీ కోసం చిన్న మాట. అరుదైన క్యాన్సర్ అంటే సర్జన్ ఒక్కడి పని అనుకుంటాం. స్లైడు తయారుచేసే ల్యాబ్ టెక్నాలజిస్ట్ కోత మందంగా కోస్తే జల్లెడ కన్నాలు పాథాలజిస్ట్‌కి కనిపించవు. రేడియేషన్ డోసు లెక్క కట్టేది మెడికల్ ఫిజిసిస్ట్, అంటే ఫిజిక్స్ ఎమ్మెస్సీ తర్వాత ఈ దారి పట్టినవాళ్లు. మెషీన్ మీద రోగిని అంగుళం తేడా రాకుండా పడుకోబెట్టేది రేడియోథెరపీ టెక్నాలజిస్ట్. మాట, మింగడం తిరిగి నేర్పేది స్పీచ్ థెరపిస్ట్. నోరు ఎండిపోయి పళ్లు పాడవకుండా చూసేది డెంటిస్ట్. 2021లో పార్లమెంట్ చేసిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంతో ఇలాంటి చాలా వృత్తులకి జాతీయ స్థాయిలో ఒక కమిషన్ వచ్చింది. కోర్సులో చేరేముందు కాలేజీకి గుర్తింపు ఉందో లేదో అడగడం మర్చిపోకండి. బ్రోషర్‌లో రాసింది చాలదు.

రాత్రుళ్లు సంగీతం

పగలు ఆపరేషన్లు, రాత్రి ఇంట్లో సంగీతం. జ్యూరిచ్‌లో పరిచయమైన స్వరకర్త బ్రామ్స్ జీవితాంతం స్నేహితుడయ్యాడు. 1873లో అచ్చయిన రెండు తంత్రీ వాద్య రచనల్ని బ్రామ్స్ ఈయనకే అంకితమిచ్చాడు. కొత్త రచన బయటికి రాకముందు బిల్‌రోత్ ఇంట్లో వాయించి చూసుకోవడం అలవాటు. తర్వాతి రోజుల్లో ఆ స్నేహంలో చిరాకులూ వచ్చాయి. అయినా తెగిపోలేదు.

శిష్యులు యూరప్ అంతా పరుచుకున్నారు. మికులిచ్, చెర్నీ, వోల్ఫ్లర్, ఐసెల్స్‌బర్గ్, ఒక్కొక్కరూ ఒక్కో నగరంలో సర్జరీ విభాగానికి పెద్దయ్యారు. 1887లో న్యుమోనియా వచ్చి చావు దగ్గరిదాకా వెళ్లొచ్చారు. గుండె దెబ్బతింది. చివరి రోజుల్లో రాస్తున్నది సర్జరీ పుస్తకం కాదు. కొందరికి సంగీతం ఎందుకు అబ్బుతుంది, కొందరికి ఎందుకు అబ్బదు అన్నది శరీర శాస్త్రం వైపు నుంచి తేల్చాలనుకున్నారు. పూర్తి కాలేదు. 1894 ఫిబ్రవరి 6న అడ్రియాటిక్ తీరంలోని అబ్బాట్సియాలో, ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న ఒపాటియాలో, కన్నుమూశారు. వియన్నాకి తెచ్చి ఖననం చేశారు. రాసినంతవరకు ఉన్న ఆ సంగీత పుస్తకాన్ని మిత్రుడు, సంగీత విమర్శకుడు హాన్స్‌లిక్ మరుసటి ఏడాది అచ్చు వేయించాడు.